ట్యూమర్ వల్ల ఎముకలు మెత్తబడటం, ఆ గడ్డని స్కాన్‌లో వెతకడం: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఓపీ వరండాలోనూ, మహారాణిపేట స్కానింగ్ సెంటర్ల బెంచీల మీదా పేషెంట్లూ వాళ్ల ఇంటివాళ్లూ అడిగే ప్రశ్నలివి. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు నుంచి ఫైళ్లు పట్టుకుని వచ్చేవాళ్లని కూడా మనసులో పెట్టుకుని జవాబులు రాశాం. జబ్బు అరుదైనదే. అయినా దీన్ని పసిగట్టడానికి మొదట కావలసింది లక్షలు పోసే మిషన్ కాదు, రక్తంలో ఫాస్ఫేట్ ఎంతుందో చెప్పే ఫాస్ఫరస్ అనే మామూలు రక్తపరీక్ష. స్కాన్ వంతు ఆ తర్వాతే వస్తుంది.

ఎముకలు మెత్తబడటం అంటే ఏమిటి? ఎముకలు గుల్లబారడం, ఇదీ ఒకటేనా?

ఒకటి కాదు. స్లాబ్‌కి ఇనప చువ్వలన్నీ కట్టి, కాంక్రీట్ మాత్రం సగమే పోసి వదిలేస్తే ఎలా ఉంటుందో మెత్తబడిన ఎముక అలా ఉంటుంది. ఎముకలో చువ్వల పని చేసేది కొల్లాజెన్ అనే ప్రొటీన్. దాని మీద క్యాల్షియం, ఫాస్ఫేట్ కలిసి గట్టిపడాలి. అలా గట్టిపడకపోతే పెద్దవాళ్లలో ఆస్టియోమలేసియా అంటారు, ఎదిగే పిల్లల్లో అయితే రికెట్స్ అంటారు. గుల్లబారడం, అంటే ఆస్టియోపోరోసిస్‌లో, ఉన్న ఎముక సరిగ్గానే గట్టిపడుతుంది కానీ మొత్తం మీద ఎముకే తగ్గిపోతుంది.

తేడా తెలుసుకోవడం ఎందుకంటే, రెండింటికీ డెక్సా స్కాన్‌లో సాంద్రత తక్కువే వస్తుంది. మందులు మాత్రం వేరు. గుల్లబారిన ఎముకలకి వాడే బిస్‌ఫాస్ఫోనేట్ మందుల్ని మెత్తబడిన ఎముకలకి ఇస్తే మేలు జరగకపోగా గట్టిపడటం ఇంకా వెనకబడొచ్చు. నలభై ఏళ్ల మగమనిషికి డెక్సా చూసి ఏడాదికోసారి ఇచ్చే ఈ రకం ఇంజెక్షన్ రాసే ముందు ఒక్కసారి ఫాస్ఫరస్ చూడమని అడగడంలో తప్పేమీ లేదు.

ఎక్కడో ఉన్న చిన్న గడ్డ ఒళ్లంతా ఎముకల్ని ఎలా మెత్తబరుస్తుంది?

గడ్డ ఎముకల్ని కొరుక్కు తినదు. అది ఒక హార్మోన్‌ని రక్తంలోకి వదులుతుంది. ఆ హార్మోన్ పేరు ఎఫ్‌జీఎఫ్-23. ఇది మన అందరి ఎముకల్లోనూ కొద్దికొద్దిగా తయారవుతూ, ఒంట్లో ఫాస్ఫేట్ ఎంత ఉండాలో అదుపు చేస్తుంటుంది. గడ్డకి ఆ అదుపు లేదు, పగలూ రాత్రీ వదులుతూనే ఉంటుంది.

అలా ఎక్కువైన హార్మోన్ కిడ్నీలో రెండు పనులు చేస్తుంది. కిడ్నీ వడపోసిన ఫాస్ఫేట్‌ని వెనక్కి తీసుకోకుండా మూత్రంలోకి పోనిస్తుంది. విటమిన్ డి చివరి దశలో కిడ్నీలో పదును తేలి కాల్సిట్రియాల్‌గా మారే పనిని కూడా ఆపుతుంది. అందువల్ల పేగుల నుంచి రావలసిన ఫాస్ఫేట్ కూడా తగ్గుతుంది. ఎముకకి సరుకు అందదు. కండరాలకీ ఫాస్ఫేట్ కావాలి కాబట్టి అవీ నీరసిస్తాయి.

ఈ సంగతి తెలియడానికి చాలా కాలం పట్టింది. 1947లో రాబర్ట్ మెకాన్స్ అనే బ్రిటిష్ వైద్యుడు ఇలాంటి పేషెంటు గురించి రాశాడు. గడ్డ తీశాక ఆమె కోలుకుంది, కానీ జబ్బుకి కారణం గడ్డేనని ఆయన అనుకోలేదు. 1959లో స్విట్జర్లాండ్‌లో ఆండ్రియా ప్రాడర్ ఒక పదకొండేళ్ల పాపకి పక్కటెముకలోని గడ్డ తీయగానే రికెట్స్ తగ్గడం చూసి, గడ్డే ఏదో వదులుతోందని చెప్పాడు. ఆ ‘ఏదో’ ఎఫ్‌జీఎఫ్-23 అని తేలింది 2001లో.

అయితే ఇది క్యాన్సరా?

ఎక్కువమందిలో కాదు. ఫాస్ఫాట్యూరిక్ మెసెంకైమల్ ట్యూమర్ అనే ఈ గడ్డలు చాలావరకు నిదానంగా పెరిగే, పాకని రకం. క్యాన్సర్‌గా మారేవి ఉన్నాయి కానీ తక్కువ. ‘ట్యూమర్’ అన్న మాట వినగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి కాబట్టి ఈ ముక్క ముందే చెప్పడం నయం.

ఎలాంటి బాధలుంటే అనుమానించాలి?

మొదట్లో అన్నీ మామూలు నొప్పుల్లాగే ఉంటాయి. మడమల్లో, పాదాల్లో నొప్పి. తర్వాత తుంటి, నడుము, పక్కటెముకలు. నాలుగు చోట్ల చూపిస్తే నాలుగు పేర్లు చెబుతారు: వాతం, నడుము డిస్కు అరుగుదల, ఫైబ్రోమయాల్జియా, కీళ్ల జబ్బు. కొందరికి ‘మానసికం’ అని కూడా రాసిన చీటీలు ఉంటాయి. అది చదివినప్పుడు మాత్రం మాకు కోపం వస్తుంది.

గమనించాల్సింది నొప్పితో పాటు వచ్చే బలహీనత. తుంటి, తొడల కండరాలు పట్టు తప్పుతాయి. కింద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవలేరు. అటూ ఇటూ ఊగుతూ నడుస్తారు. నిరుడు సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచిన మనిషి ఈ ఏడాది సిటీ బస్సు మెట్టెక్కడానికి కండక్టర్ చెయ్యి పట్టుకోవలసి వస్తే, దాన్ని వయసు మీదికి నెట్టేయకూడదు. పెద్ద దెబ్బేమీ తగలకుండానే ఎముకలు విరగడం, అదీ ఒకటి తర్వాత ఒకటి, ఇంకో గుర్తు. ముదిరితే వెన్నుపూసలు కుంగి ఎత్తు తగ్గుతుంది. పాత ప్యాంట్లు నేలకి జీరాడుతున్నాయని భార్యలు చెబితే తెలిసిన సందర్భాలున్నాయి.

విటమిన్ డి తక్కువుందని సాచెట్లు వాడాం. తగ్గలేదు. ఇంకో కోర్సు వాడమంటారా?

ఇంత ఎండ కాసే ఊళ్లో కూడా విటమిన్ డి లోపం చాలామందికి ఉంటుంది. ఎముకలు మెత్తబడటానికి మన దగ్గర మొదటి కారణం ఇప్పటికీ అదే. కాబట్టి 60,000 యూనిట్ల సాచెట్లు రాయడం తప్పు కాదు. లోపం ఉంటే పూడ్చాల్సిందే, గడ్డ ఉన్నవాళ్లకి కూడా.

కోర్సు పూర్తయ్యాక విటమిన్ డి స్థాయి మామూలుకి వచ్చింది, అయినా నొప్పి అలాగే ఉంది, ఫాస్ఫరస్ తక్కువే ఉంది అంటే మాత్రం ఇంకో కోర్సు జవాబు కాదు. అక్కడి నుంచి దారి మారాలి. ఇలా ఒక కోర్సు మీద ఇంకో కోర్సు వాడుతూ రెండు మూడేళ్లు గడిపేసినవాళ్లే ఎక్కువ.

ఏ రక్తపరీక్షలు చేయించాలి?

మొదటిది ఫాస్ఫరస్. పెద్దవాళ్లలో సాధారణంగా డెసిలీటరుకి 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. పిల్లలకి అంతకన్నా ఎక్కువ ఉండాలి కాబట్టి పెద్దల కొలతతో పిల్లల రిపోర్టు చూసి బాగుందనుకోకూడదు. పొద్దున్నే పరగడుపున ఇవ్వండి, తిన్నాక అంకె మారుతుంది.

చిక్కు ఎక్కడంటే, ‘ఫుల్ బాడీ ప్యాకేజీ’ అని అమ్మే పరీక్షల్లో ఫాస్ఫరస్ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. క్యాల్షియం పరీక్ష మాత్రం చాలావాటిలో ఉంటుంది. ఈ జబ్బులో క్యాల్షియం మామూలుగానే వస్తుంది. ‘క్యాల్షియం బానే ఉంది, ఎముకలకేం ఢోకా లేదు’ అని ఇంటికి పంపేస్తారు. రిపోర్టులో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే అంకె కూడా చూసుకోండి. అది పెరిగి ఉండి, లివర్ పరీక్షలు మిగతావన్నీ సరిగ్గా ఉంటే, ఎముకల వైపు చూడాలని అర్థం. లివర్ స్కాన్ తీయించుకుని ఏమీ లేదని ఊరుకున్న ఫైళ్లు ఎన్నో కనిపిస్తాయి.

ఫాస్ఫరస్ తక్కువని తేలితే, అది ఎక్కడ పోతోందో చూడాలి. దీనికి పరగడుపున రక్తం, అదే సమయానికి మూత్రం, రెండింటిలోనూ ఫాస్ఫరస్, క్రియాటినిన్ చేయిస్తారు. కిడ్నీ మామూలుగా వడపోసిన ఫాస్ఫేట్‌లో 85 శాతానికి పైగా వెనక్కి తీసుకుంటుంది. రక్తంలో ఇంత తక్కువున్నా మూత్రంలో పోతూనే ఉందంటే లీకు కిడ్నీ దగ్గరే ఉందన్నమాట. ఈ లెక్క డాక్టరు వేస్తారు. మీరు రెండు శాంపిళ్లూ ఒకే పూట ఇస్తే చాలు.

తర్వాత పారాథైరాయిడ్ హార్మోన్, కాల్సిట్రియాల్, ఎఫ్‌జీఎఫ్-23. ఈ చివరిది అన్ని ల్యాబుల్లోనూ చేయరు, శాంపిల్ బయటి ఊరికి వెళ్తుంది, ఫలితానికి రోజులు పడుతుంది. ఫాస్ఫరస్ తక్కువున్నప్పుడు ఎఫ్‌జీఎఫ్-23 అణిగిపోవాలి. అలా అణగకుండా ‘మామూలు’ అని వచ్చినా అది మామూలు కాదు. రిపోర్టులో తేడా ఉందని చూపే నల్లటి ముద్దక్షరాలు లేవని నిశ్చింతగా ఉండొద్దు.

ఫాస్ఫరస్ తగ్గితే గడ్డ ఉన్నట్టేనా?

కాదు, ముందు మిగతా కారణాలు తీసేయాలి. హెచ్‌ఐవీకీ, హెపటైటిస్ బీకీ వాడే టెనోఫోవిర్ మాత్రలు కొందరిలో కిడ్నీ గొట్టాల్ని దెబ్బతీసి ఫాస్ఫేట్ పోగొడతాయి. రక్తహీనతకి ఎక్కించే ఒక రకం ఐరన్ ఇంజెక్షన్, ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్, అచ్చంగా ఎఫ్‌జీఎఫ్-23నే పెంచుతుంది. వాడుతున్న మందులన్నీ, ఎవరికీ చెప్పడం ఇష్టంలేనివి కూడా, డాక్టరుకి చెప్పండి. చిన్నప్పటి నుంచీ కాళ్లు వంకరగా, పొట్టిగా ఉండి, ఇంట్లో ఇంకెవరికైనా అలాగే ఉంటే అది వంశపారంపర్యంగా వచ్చే రకం కావచ్చు. చిన్నప్పుడు అందరిలాగే ఎదిగి, ముప్పైల్లోనో నలభైల్లోనో కుదేలైతే గడ్డ మీద అనుమానం బలపడుతుంది.

ఎక్స్‌రే సరిపోదా?

గడ్డని వెతకడానికి సరిపోదు. ఎముకలు మెత్తబడ్డాయని చెప్పడానికి మాత్రం ఒక మంచి ఎక్స్‌రే చాలా పనిచేస్తుంది.

తుంటి ఎక్స్‌రేని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే, తొడ ఎముక మెడ లోపలి అంచున, బ్లేడుతో గీసినట్టు అడ్డంగా ఒక సన్నని నల్ల గీత కనిపిస్తుంది. దాని అంచులు కాస్త తెల్లగా ఉంటాయి. రెండో వైపు కూడా, ఇంచుమించు అదే చోట, అలాంటి గీతే ఉంటుంది. వీటినే లూసర్ గీతలంటారు. కటి ఎముక ముందు కమ్మీల్లో, భుజం రెక్క అంచున, పక్కటెముకల్లో కూడా వస్తాయి. రిపోర్టులో చాలాసార్లు ‘స్ట్రెస్ ఫ్రాక్చర్’ అని ఉంటుంది. పరుగులు పెట్టే కుర్రాడికి ఒక వైపు ఉంటే అది నిజమే కావచ్చు. కుర్చీలోంచి లేవలేని మనిషికి రెండు వైపులా ఉంటే ఇంకోసారి ఆలోచించాలి.

బోన్ స్కాన్‌లో ‘ఒళ్లంతా మచ్చలు, క్యాన్సర్ పాకి ఉండొచ్చు’ అని రాశారు. భయంగా ఉంది.

టెన్షన్ పడటం సహజమే. కానీ ఈ తికమక బాగా తెలిసినదే. టెక్నీషియం మందుతో తీసే బోన్ స్కాన్‌లో ఎముక ఎక్కడ మానుతుంటే అక్కడ నల్లగా కనిపిస్తుంది. మెత్తబడిన ఎముకల్లో చిన్నచిన్న పగుళ్లు బోలెడు. పక్కటెముకల్లో వరసగా చుక్కలు, వెన్నులో, కటిలో మచ్చలు. చూస్తే ఎముకలకి పాకిన క్యాన్సర్ లాగే ఉంటుంది. కొన్నిసార్లు ఎముకలన్నీ మందుని పీల్చేసుకుని కిడ్నీలు కనిపించకుండా పోతాయి కూడా.

తేడా పట్టించేది బొమ్మ ఒక్కటే కాదు. ఫాస్ఫరస్ ఎంత, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంత, క్యాన్సర్ మొదలైన చోటు ఏదైనా దొరికిందా అన్నవి పక్కన పెట్టుకుని చూడాలి. ఫాస్ఫరస్ చూడకుండా ఈ రిపోర్టు మీద ఎవరూ కీమో మొదలుపెట్టకూడదన్నది మా గట్టి అభిప్రాయం. అలాగని క్యాన్సర్ కాదని మీ అంతట మీరే తేల్చేసుకోవద్దు. మైలోమా (ఎముక మజ్జ క్యాన్సర్), ప్రోస్టేట్ క్యాన్సర్ లాంటివి డాక్టరు తోసిపుచ్చాకే ముందుకెళ్లాలి.

మరి గడ్డని పట్టుకునే స్కాన్ ఏది?

గాలియం-68 డోటాటేట్ పెట్ సీటీ. కొన్ని సెంటర్లలో డోటానాక్, డోటాటాక్ అని ఉంటుంది, పని ఒకటే. ఈ గడ్డ కణాల మీద సొమాటోస్టాటిన్ రిసెప్టర్లు (ఆ పేరున్న హార్మోన్ అతుక్కునే చోట్లు), ముఖ్యంగా రెండో రకం, దట్టంగా ఉంటాయి. డోటాటేట్ అనే మందు వెళ్లి వాటికి అతుక్కుంటుంది. దానికి కట్టిన గాలియం అనే రేడియోధార్మిక పదార్థం వెలువరించే కిరణాల్ని మిషన్ పట్టుకుంటుంది. పక్కనే తీసిన సీటీ బొమ్మ, ఆ మెరుపు ఏ ఎముకలోదో ఏ కండలోదో చెబుతుంది.

అంతకుముందు ఇదే సూత్రం మీద ఆక్ట్రియోటైడ్ స్కాన్ ఉండేది. బొమ్మ మసక, చిన్న గడ్డలు తప్పిపోయేవి. గాలియం స్కాన్ వచ్చాక వెతుకులాట చాలా తేలికైంది.

చాలామంది ఫైల్లో ఉండేది మాత్రం ఎఫ్‌డీజీ పెట్. క్యాన్సర్‌కి రోజూ తీసేది అదే కాబట్టి ‘పెట్ తీయించండి’ అంటే అదే తీసేస్తారు. అది చక్కెర ఎక్కువ వాడే కణాల్ని చూపిస్తుంది. ఈ గడ్డలు నిదానంగా పెరిగేవి, చక్కెర మీద అంత ఆశ ఉండదు. అదీగాక మానుతున్న ఎముక పగుళ్లన్నీ అందులో వెలుగుతాయి. కొందరిలో ఎఫ్‌డీజీ కూడా పట్టుకుంటుంది, లేదనలేం. కానీ ‘పెట్ స్కాన్ నార్మల్’ అన్న కాగితం చేతిలో ఉంటే, ఏ మందుతో తీశారో మొదట చూడండి. ఎఫ్‌డీజీ అని ఉంటే వెతుకులాట ఇంకా పూర్తి కాలేదు.

తల నుంచి కాలివేళ్ల దాకా తీయమని ఎందుకంటారు? మామూలు పెట్‌లో తీయరా?

తీయరు. మామూలు పెట్ తల దగ్గర మొదలై తొడల మధ్యకి వచ్చి ఆగుతుంది. ఊపిరితిత్తులు, కడుపు, లింఫ్ గ్రంథుల క్యాన్సర్లకి అంత చాలు. ఈ గడ్డలకి మాత్రం తొడలు, మోకాళ్లు, పాదాలు ఇష్టమైన చోట్లు. తలలో అయితే ముక్కు పక్క గాలి గదులు, దవడ. అంటే మామూలు స్కాన్ ఆపేసే చోటికి అవతలే గడ్డ కూర్చుని ఉండొచ్చు. కాలి బొటనవేలి ఎముకలో బియ్యపు గింజంత ఉన్నా ఒళ్లంతా కుంగదీస్తుంది.

చేతుల సంగతి ఇంకా తమాషా. స్కాన్‌లో చేతులు తల మీదికి ఎత్తి పడుకోబెడతారు, అరచేతులు బొమ్మ బయట ఉండిపోతాయి. అందుకని రిక్వెస్ట్ చీటీ మీద ‘తల పైనుంచి కాలివేళ్ల దాకా, రెండు చేతులూ కలిపి’ అని డాక్టరు చేత రాయించండి. టేబుల్ మీద ఇంకాసేపు పడుకోవాలి, అంతే. మళ్లీ ఇంకో తారీఖు తీసుకుని రావడం కన్నా ఇది నయం.

స్కాన్‌కి ముందు డాక్టరు చేత ఒళ్లంతా ఒకసారి తడిమించుకోండి. అరికాలిలో ఎప్పటి నుంచో ఉన్న బుడిపె, తొడలో చేతికి తగిలే గట్టిదనం, ఒకవైపు ముక్కు మూసుకుపోవడం, ఆ ముక్కులోంచే రక్తం రావడం, చిగుళ్ల వాపు. ‘ఇదేం పెద్ద విషయం కాదులే’ అనుకుని ఇవి పేషెంట్లు చెప్పరు. ఈఎన్‌టీ దగ్గరో పళ్ల డాక్టరు దగ్గరో దొరికిన గడ్డలు తక్కువేం కాదు.

రిపోర్టులో పది చోట్ల ‘అప్‌టేక్’ (మందు పట్టుకుంది) అని ఉంది. పది గడ్డలా?

ఉండవు. సాధారణంగా గడ్డ ఒకటే. డోటాటేట్ మామూలు మనిషిలో కూడా ప్లీహంలో, కిడ్నీల్లో, మూత్రాశయంలో, లివర్‌లో, అడ్రినల్ గ్రంథుల్లో, మెదడు కింద పిట్యూటరీలో కనిపిస్తుంది. అది సహజం. మానుతున్న పగుళ్లు కూడా లేతగా వెలుగుతాయి. వీటన్నిటిలో ఏ వెలుగు గాఢంగా ఉంది, అక్కడ సీటీలో కానీ ఎమ్మారైలో కానీ నిజంగా గడ్డ ఆకారం ఉందా అని సరిపోల్చాలి. అనుమానించిన చోటికి మాత్రమే ఎమ్మారై తీస్తారు. ఏమీ తెలియకుండా ఒళ్లంతా ఎమ్మారై తీయడం కన్నా అది మేలు. గడ్డ ఎముకలో ఎంత దూరం ఉంది, పక్కన నరాలు, రక్తనాళాలు ఎంత దగ్గరగా ఉన్నాయి అన్నది సర్జన్‌కి చెప్పేది ఎమ్మారైనే.

రెండు చోట్ల అనుమానం మిగిలితే, కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో ఒంట్లో వేర్వేరు సిరల నుంచి రక్తం తీసి ఎక్కడ ఎఫ్‌జీఎఫ్-23 ఎక్కువుందో కొలుస్తారు. ఏ కాలి రక్తంలో పెరిగితే గడ్డ ఆ కాల్లో ఉన్నట్టు. అరుదుగా అవసరపడుతుంది.

స్కాన్ రోజు ఏం చేయాలి? రేడియేషన్ ప్రమాదమా?

గాలియం స్కాన్‌కి ఎఫ్‌డీజీలా కచ్చితమైన ఉపవాసం అక్కర్లేదు, సెంటర్ వాళ్లు ఏం చెబితే అది పాటించండి. నీళ్లు బాగా తాగాలి. ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్లు వాడుతుంటే ముందే చెప్పాలి. సిరలోకి మందిచ్చాక దాదాపు గంట కూర్చోబెడతారు, తర్వాత స్కాన్. గర్భం ఉన్నా, ఉందేమో అన్న అనుమానం ఉన్నా నోరు విప్పి చెప్పండి. పాలిచ్చే తల్లులు కూడా.

గాలియం-68 శక్తి 68 నిమిషాలకోసారి సగమవుతుంది. సాయంత్రానికి దాదాపు ఏమీ మిగలదు. ఆ పూటకి చంటిపిల్లల్ని ఒళ్లో పెట్టుకోకుండా ఉంటే చాలు. ఎమ్మారైకి రేడియేషనే లేదు. విరిగిన ఎముకలకి రాడ్లు, ప్లేట్లు వేసి ఉంటే మాత్రం ఆపరేషన్ కాగితాలు తీసుకెళ్లండి.

ఇక మనుషుల సంగతి. ఒళ్లంతా పగుళ్లున్న మనిషిని స్ట్రెచర్ మీంచి టేబుల్ మీదికి ఎత్తేటప్పుడు ఒక పక్కటెముక పుటుక్కుమనొచ్చు. ‘ఎముకలు మెత్తగా ఉన్నాయి, నెమ్మదిగా’ అని ముందే చెప్పండి. చంకల కింద చేతులేసి లేపనివ్వకండి, దుప్పటితో కలిపి ఎత్తమనండి.

విశాఖలో ఎక్కడ చూపించుకోవాలి?

ఎండోక్రైనాలజీ డాక్టరు దగ్గర మొదలుపెట్టండి. ఆంధ్రా మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న కేజీహెచ్‌లో ఆ విభాగం ఉంది. ఫాస్ఫరస్, మూత్రం లెక్క దాకా ఊళ్లోనే తేలుతుంది. అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ కింద నడిచే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆరిలోవ హెల్త్ సిటీ వైపు, రామ్‌నగర్‌లో ప్రైవేటు ఆసుపత్రులు ఉన్నాయి.

గాలియం స్కాన్ గురించి మాత్రం ఎక్కడికైనా ముందు ఫోన్ చేసి మూడు ముక్కలు అడగండి. గాలియం డోటా స్కాన్ చేస్తారా, ఏ రోజు, పాదాల దాకా తీస్తారా. ఈ గాలియంని జనరేటర్ అనే చిన్న పరికరం నుంచి తీసి అక్కడికక్కడే మందు కలుపుతారు, గంట గంటకీ సగమైపోయే సరుకు కదా, నిల్వ ఉండదు. నలుగురైదుగురు పేషెంట్లని కూడగట్టి ఒకే రోజు చేయడం మామూలు. అడగకుండా ఇచ్ఛాపురం నుంచి తెల్లవారుజామున రైలెక్కి వస్తే ఒట్టి చేతులతో వెనక్కి వెళ్లాల్సి వస్తుంది. ఎన్టీఆర్ వైద్య సేవలో ఏది వర్తిస్తుందో, ఏది వర్తించదో ఆసుపత్రిలోని ఆ కౌంటర్లోనే, ఆపరేషన్ తారీఖు వేయకముందే కనుక్కోండి.

ముందు బయాప్సీ చేయాలా?

స్కాన్, రక్తపరీక్షలు ఒకే మాట చెబుతుంటే చాలాసార్లు నేరుగా ఆపరేషన్ చేసి, తీసిన గడ్డని పరీక్షకి పంపుతారు. పంపేటప్పుడు ‘ఫాస్ఫరస్ తక్కువున్న పేషెంటు’ అని ఫారంలో రాయించండి. ఆ ఒక్క ముక్క లేకపోతే పాథాలజీలో హీమాంజియోపెరిసైటోమా అనో, జెయింట్ సెల్ ట్యూమర్ అనో వేరే గడ్డ పేరు పెట్టేసే వీలుంది.

ఆపరేషన్ అయ్యాక ఎన్నాళ్లకి నడుస్తారు?

గడ్డ పూర్తిగా వస్తే, చుట్టూ కొంచెం మంచి భాగంతో సహా తీస్తే, ఎఫ్‌జీఎఫ్-23 గంటల్లోనే పడిపోతుంది. ఫాస్ఫరస్ సాధారణంగా వారం తిరక్కుండా మామూలుకి వస్తుంది. అందుకే ఆ రోజుల్లో రోజు విడిచి రోజు ఫాస్ఫరస్ చూస్తారు. ఆపరేషన్ నెగ్గిందా లేదా అన్నది కుట్లు విప్పకముందే ఆ అంకె చెప్పేస్తుంది. నొప్పులు, నీరసం వారాల్లో తగ్గడం మొదలవుతాయి. ఎముకలు పూర్తిగా గట్టిపడటానికి నెలలు, ఒక్కోసారి ఏడాది. ఆ ఏడాదీ జారిపడకుండా చూసుకోవాలి. కుంగిన వెన్నుపూసలు మళ్లీ లేవవు, పోయిన ఎత్తు రాదు.

కొంత గడ్డ మిగిలిపోతే, ముఖ్యంగా ముక్కు లోపలా పాదంలోనూ, జబ్బు తిరగబెట్టొచ్చు. అది ఏళ్ల తర్వాత కూడా జరగొచ్చు. బాగున్నా సరే అప్పుడప్పుడూ ఫాస్ఫరస్ చేయించుకోవాలి.

గడ్డ దొరకలేదు, లేదా తీయడానికి వీల్లేని చోట ఉంది. అప్పుడు?

ఫాస్ఫేట్‌ని రోజుకి నాలుగైదు సార్లుగా విడదీసి ఇస్తూ, దాంతో పాటు కాల్సిట్రియాల్ ఇస్తారు. ఒకేసారి మింగితే విరేచనాలవుతాయి, రక్తంలో కూడా నిలవదు. నొప్పి తగ్గింది కదా అని డోసు మీ ఇష్టానికి పెంచొద్దు. కిడ్నీల్లో క్యాల్షియం పేరుకుంటుంది, పారాథైరాయిడ్ గ్రంథులు అదుపు తప్పుతాయి. అందుకే రక్తం, మూత్రం, కిడ్నీ స్కాన్ అప్పుడప్పుడు చేయిస్తారు.

ఎఫ్‌జీఎఫ్-23ని నేరుగా అడ్డుకునే బురోసుమాబ్ ఇంజెక్షన్‌ని ఈ జబ్బుకి అమెరికాలో 2020లో అనుమతించారు. బాగా పనిచేస్తుంది. ధర మాత్రం సామాన్య కుటుంబం మోయలేనిది. కత్తి పెట్టలేని చోట ఉన్న గడ్డని సూదితో కాల్చే రేడియోఫ్రీక్వెన్సీ పద్ధతి కొందరికి సరిపోతుంది.

ఒకసారి దొరకలేదంటే ఎప్పటికీ దొరకదని కాదు. గడ్డ పెరుగుతుంది, మిషన్లూ మెరుగవుతాయి. మందులు వాడుతూ కొంతకాలం ఆగి మళ్లీ స్కాన్ తీస్తారు. పాత స్కాన్ సీడీ దాచుకోండి, కాగితం రిపోర్టు ఒక్కటే దాచుకుంటే చాలదు. కొత్త చుక్క కనిపించినప్పుడు పాత బొమ్మ తిరిగి తెరిస్తే అప్పుడే అక్కడ లేతగా ఉందని తెలిసిన సందర్భాలు ఉంటాయి.

పాలు, గుడ్లు, చేపలు బాగా తింటే సరిపోదా?

తినండి, మంచిదే. వాటిలో ఫాస్ఫరస్ ఉంది. గడ్డ ఉన్నంతకాలం తిన్నది తిన్నట్టు మూత్రంలో పోతుంది కాబట్టి తిండి ఒక్కదానితో ఇది తగ్గదు. ఎముకలకి మంచిదని ఎవరో ఇచ్చిన భస్మాలు, పొడులు, పసరు కట్లు వద్దు. మెత్తటి ఎముకని లాగి కట్టే కట్టు కొత్త పగులు తెస్తుంది. గ్యాస్‌కి వాడే అల్యూమినియం యాంటాసిడ్లు కూడా రోజూ తాగకండి, అవి పేగులోనే ఫాస్ఫేట్‌ని కట్టేస్తాయి.

మా పిల్లలకి కూడా వస్తుందా?

రాదు. గడ్డ వల్ల వచ్చే ఈ రకం తల్లిదండ్రుల నుంచి పిల్లలకి దిగేది కాదు, అంటుకునేదీ కాదు. గడ్డ ఎంత వెతికినా దొరకనప్పుడు, వంశపారంపర్య రకం పొరపాటున తప్పిపోయిందేమో చూడటానికి జీన్ పరీక్ష రాయొచ్చు. ఆ ఫలితాన్ని బట్టి పిల్లలకీ ఫాస్ఫరస్ చూడాలో లేదో డాక్టరు చెబుతారు.